కేబుల్ మన కాలువ, డిష్ మన బోరు



మొన్న చేలో మందు కొట్టి వస్తుంటే మా పక్కింటి బాబాయ్ గట్టు మీద ఆపేశాడు. "ఒరే అబ్బాయ్, కేబుల్ తీసేసి డిష్ పెట్టించమంటావా? మనవరాలి చదువుకి నెట్టూ కావాలి, ఫోనూ కావాలి" అన్నాడు. అప్పటికప్పుడు ఏం చెప్పాలో తోచలేదు. ఇంటికొచ్చి ఆలోచిస్తే, ఇది మన డెల్టా వాళ్లకి పాత ప్రశ్నే అనిపించింది. కాలువ నీరా, బోరు నీరా? అంతే కదండీ!

ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయింది. అప్పటి నుంచీ మనం పంచుకున్న నీటితోనే బతుకుతున్నాం. లస్కరు వదలాలి, పైవాళ్లు తడుపుకోవాలి, శివారుకి చివర్న రావాలి. బోరు అలా కాదు, నీ మోటారు నీ ఇష్టం. టీవీ కథ కూడా సరిగ్గా ఈ దారిలోనే నడిచింది.

1983లో ఇన్సాట్-1బి పైకి వెళ్లాక దూరదర్శన్ ఊళ్లకి పాకింది. పొడుగు గొట్టానికి యాంటెనా కట్టి, ఒకడు పైన తిప్పుతుంటే ఇంకొకడు కింద నుంచి "వచ్చింది, వచ్చింది... పోయింది" అని అరిచిన రోజులు మీలో చాలామందికి గుర్తుండే ఉంటాయి. 1991లో స్టార్ టీవీ, 1995లో ఈటీవీ, జెమిని వచ్చాయి. వాటిని పట్టాలంటే పెద్ద గొడుగంత డిష్ కావాలి. ఇంటింటికీ అది కొనగలమా? అందుకని ఊళ్లో ఒకాయన డాబా మీద డిష్ పెట్టి, స్తంభాల మీదుగా, కొబ్బరి చెట్ల మీదుగా వైర్లు లాగాడు. అంటే కేబుల్ కూడా ఆకాశం నుంచి దిగిందే! ఒక చెరువు, పది పిల్ల కాలువలు. 1995లో కేబుల్ చట్టం వచ్చాక ఆపరేటర్లు హెడ్ పోస్టాఫీసులో రిజిస్టర్ చేసుకోవాల్సి వచ్చింది. వైరు సాగే కొద్దీ సిగ్నల్ నీరసించేది, మధ్యలో యాంప్లిఫయర్లు పెట్టేవాళ్లు. శివారు ఇళ్లలో బొమ్మ మీద చుక్కలు. శివారు రైతుకి కొత్తేముంది చెప్పండి!

2003లో డిష్ టీవీ వచ్చింది. 2004 డిసెంబరులో దూరదర్శన్ వాళ్లది నెల చందా లేని డీడీ డైరెక్ట్ ప్లస్ (ఇప్పటి ఫ్రీ డిష్) వచ్చింది. చిన్న డిష్, ఎవరి బోరు వాళ్లది. కానీ ఒక మెలిక ఉంది. ఆపరేటర్ పెద్ద డిష్ పట్టే సీ బ్యాండ్ తరంగాలు వానని బాగానే తట్టుకుంటాయి. ఇంటి మీద చిన్న డిష్ పట్టే కేయూ బ్యాండ్ తరంగాలు జోరువానలో బలహీనపడతాయి. మన ప్రాంతంలో జోరువాన అంటే ఎప్పుడు? వాయుగుండం పట్టినప్పుడు. అంటే వార్త ఎక్కువ అవసరమైన రోజే తెర నల్లబడుతుంది.

2018 డిసెంబరు 17న పెథాయ్ తుపాను కాట్రేనికోన దగ్గర తీరం దాటింది. ఆ రోజు మా డిష్ "నో సిగ్నల్" అంది. పక్కింటి కేబులూ పోయింది, కరెంటూ పోయింది. తర్వాత డిష్ కంపెనీకి ఫోన్ చేస్తే ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అన్నారు. కేబుల్ కుర్రాడు మాత్రం నిచ్చెన, వైరు చుట్ట సైకిల్ మీద పెట్టుకుని వచ్చేశాడు. ఆయ్, మన లస్కరు వాడే!

ఇక ఫైబర్ సంగతి. ఈ కథలో కోనసీమకి పెద్ద పీటే ఉంది. అంతర్వేది దారిలో ఉన్న మోరి గ్రామంలో 2016 డిసెంబరులో ఇంటింటికీ ఫైబర్ ప్రారంభించారు. మరుసటి ఏడాది డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ వెలగపూడిలో ఏపీ ఫైబర్ గ్రిడ్‌ని జాతికి అంకితం చేశారు. టీవీ, నెట్, ఫోన్ మూడూ కలిపి నెలకి 149 రూపాయలన్నారు. భూమి తవ్వకుండా కరెంటు స్తంభాల మీదుగానే వేశారు కాబట్టి ఖర్చు తగ్గింది. గాజు దారంలో వెలుతురు పోతుంది గనక శివారు బాధ కూడా తగ్గింది. కానీ స్తంభం పడితే అదీ పడుతుంది. 1996 నవంబరు 6 రాత్రి చూసిన వాళ్లకి స్తంభాల సంగతి వేరే చెప్పక్కర్లేదు. వెయ్యి మందికి పైగా పోయిన రాత్రి అది.

అందుకే బాబాయ్‌కి ఇలా చెప్పాను. "మన ఇళ్ల మీద టీవీ డిష్ ఇచ్చేదే గానీ పుచ్చుకునేది కాదు. అది కిందికి తెస్తుంది, నువ్వు చెప్పింది పైకి తీసుకెళ్లదు. మనవరాలి చదువుకీ, ఫోనుకీ వైరే పెట్టించు. టీవీకి చందా లేని డిష్ ఒకటి ఉంచుకో. బ్యాటరీ రేడియో మాత్రం అటక మీద నుంచి దించు." కాలువ కింద చేను ఉన్నవాడు కూడా ఎండాకాలానికి ఒక బోరు వేసుకుంటాడు కదా, ఇదీ అంతే.

ఏది పెట్టించుకున్నా ముందు ఒక్క మాట అడగండి. గాలివాన వెలిసిన మర్నాడు నిచ్చెన పట్టుకుని మన గుమ్మంలోకి ఎవరొస్తారు? చానళ్ల లెక్క ఆ తర్వాత చూసుకోవచ్చు.