పంటి తొడుగు (క్యాప్)

పుచ్చిపోయి గానీ, విరిగి గానీ, రూట్ కెనాల్ చికిత్సలో లోపలంతా తొలిచినందువల్ల గానీ సొంత బలం కోల్పోయిన పన్నును చుట్టూ అరగదీసి, దాని పూర్వపు ఆకృతిలోనే తయారుచేసి, చిగురు అంచు దాకా కప్పేటట్లు సిమెంటుతో అతికించే కవచమే పంటి తొడుగు. వాడుకలో దీన్ని క్యాప్ అంటారు. పన్ను పైపొర అయిన ఎనామెల్ శరీరంలోని పదార్థాలన్నింటిలో గట్టిది అయినా, ఒకసారి పోతే మళ్ళీ పెరగదు. దాని కింద ఉండే, దానికన్నా మెత్తనైన డెంటీన్ అన్న ధాతువు, నడిమధ్యన నరాలూ రక్తనాళాలూ ఉండే దంతమజ్జ బయటపడ్డాక పన్ను తనను తాను కాపాడుకోలేదు. నమలే భారమంతా మోసే దవడ పళ్ళకు రూట్ కెనాల్ చేసి వదిలేస్తే నిలువునా చీలే ప్రమాదం ఎక్కువ కాబట్టి, సాధారణంగా వాటికి క్యాప్ తప్పనిసరి అవుతుంది.

పళ్ళకు బంగారం వాడడం ఇటలీలోని ఎట్రుస్కన్లు క్రీస్తుపూర్వం ఏడో శతాబ్దం నాటికే ఎరిగిన పని. వారు సన్నని బంగారు పట్టీలతో ఊడిన పళ్ళ స్థానంలో వేరే పళ్ళను నిలబెట్టేవారు. నేటి అర్థంలో తొడుగు పుట్టింది మాత్రం అమెరికాలో. డెట్రాయిట్ దంతవైద్యుడు చార్లెస్ హెన్రీ లాండ్, పన్ను అచ్చుకు పలుచని ప్లాటినం రేకును అంటించి, దానిమీద పింగాణీని కొలిమిలో కాల్చే పద్ధతిని 1880ల చివరి ఏళ్ళలో రూపొందించి, 1903 నాటికి పూర్తి పింగాణీ జాకెట్ తొడుగును వృత్తి లోకానికి పరిచయం చేశాడు. 1927లో అట్లాంటిక్ మహాసముద్రాన్ని ఒంటరిగా, ఎక్కడా ఆగకుండా విమానంలో దాటిన చార్లెస్ లిండ్‌బర్గ్ ఈయన కూతురి కొడుకే. 1907లో విలియం టాగర్ట్, మైనపు నమూనాను మట్టిలో పొదిగి, మైనాన్ని కరిగించి, ఆ ఖాళీలో బంగారం పోసే పద్ధతిని దంతవైద్యానికి అన్వయించి చూపాడు. కంచరి పనివారు తరతరాలుగా ఎరిగిన ఈ సూత్రంతోనే పంటికి సరిగ్గా అమరే లోహపు తొడుగు సాధ్యమైంది.

లోహానికి బలం ఉంది, పంటి రంగు లేదు. పింగాణీకి రంగు ఉంది, బలం లేదు. తొడుగుల చరిత్ర చాలావరకు ఆ రెంటినీ ఒకచోట చేర్చే ప్రయత్నమే. 1962లో అమెరికాలో పేటెంట్ పొందిన లోహ-పింగాణీ తొడుగులో లోపల మిశ్రమలోహపు గిన్నె, పైన దానికి కరిగి అంటుకున్న పింగాణీ పూత ఉంటాయి. 1970లలో బంగారం ధర పెరగడంతో నికెల్-క్రోమియం, కోబాల్ట్-క్రోమియం లోహాలు వాడుకలోకి వచ్చాయి. తెలుగునాట సెరామిక్ క్యాప్ పేరుతో చాలాకాలం వేసినవి ఎక్కువగా ఈ రకానివే. ఏళ్ళు గడిచి చిగురు వెనక్కి జారినప్పుడు అంచున కనబడే నల్లని గీత వీటి లోహానిదే.

 

క్యాప్‌లలో ప్రస్తుతం ఎక్కువగా వినబడే జిర్కోనియా, జిర్కోనియం అనే మూలకపు ఆక్సైడు. దీనిలో పగులు పుడితే ఆ చోట స్ఫటికాలు రూపం మార్చుకొని కాస్త ఉబ్బి, పగులును నొక్కిపట్టి ముందుకు సాగనివ్వవు. ఈ గుణాన్ని 1975లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు వెల్లడించారు. తయారీ మరీ ఆసక్తికరం. సుద్దలా మెత్తగా ఉన్న దిమ్మను యంత్రం కంప్యూటర్ చెప్పిన ఆకారంలో చెక్కుతుంది. దాదాపు 1500 డిగ్రీల సెల్సియస్ వేడిలో కాల్చినప్పుడు అది సుమారు అయిదో వంతు కుంచించుకుపోతుంది కాబట్టి, ఆ మేరకు ముందే పెద్దదిగా చెక్కాలి. కంప్యూటర్ సాయంతో చెక్కే పద్ధతికి తొలి బీజాల్లో ఒకటి జ్యూరిక్‌లో 1985లో రోగి నోట పెట్టిన సెరెక్ యంత్రపు పూరణ. శ్రీకాకుళం, భీమునిపట్నం తీరాల ఇసుకలో దొరికే జిర్కాన్ ఖనిజమే జిర్కోనియంకు మూలం. హైదరాబాద్‌లోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ జిర్కాన్ ఇసుక నుంచి ముందుగా ఇదే ఆక్సైడును, ఆపైన అణు ఇంధనపు గొట్టాలకు కావలసిన లోహాన్ని తయారుచేస్తుంది.

తెలుగు ప్రాంతంలో క్యాప్ చర్చ ఫ్లోరోసిస్‌ను వదిలి సాగదు. నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువైనందువల్ల ఎముకలు దెబ్బతినే జబ్బును 1937లో అప్పటి నెల్లూరు జిల్లాలో షార్ట్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు వర్ణించారు. నల్గొండ జిల్లా ఆ తరువాత దీనికి పేరుపడింది. ఇదే ఫ్లోరైడ్ వల్ల చిన్నతనంలో పన్ను ఏర్పడే దశలోనే ఎనామెల్ పాడై గోధుమ మచ్చలు, గుంతలు పడతాయి. మచ్చ పైపైనే ఉన్న పన్నుకు పలుచని పూతో, ముందువైపు మాత్రమే అతికించే వెనీర్ పలకో సరిపోతుంది. అందానికని యువతీయువకుల గట్టి పళ్ళను చుట్టూ అరగదీసి వరుసగా క్యాప్‌లు తొడగడం సమర్థనీయం కాదు, అరిగించిన ధాతువును ఏ ల్యాబూ తిరిగి ఇవ్వలేదు.

2008 మార్చిలో శంషాబాద్‌లో అంతర్జాతీయ విమానాశ్రయం మొదలయ్యాక, గల్ఫ్ నుంచీ అమెరికా నుంచీ సెలవుకు వచ్చే తెలుగువారు అక్కడి ఖర్చుకు వెరచి పళ్ళ పని ఇక్కడే చేయించుకోవడం సాధారణమైంది. పన్ను అరగదీసి కొలత తీసి, ల్యాబ్ నుంచి క్యాప్ వచ్చేదాకా తాత్కాలిక తొడుగు పెట్టే పద్ధతికి కొద్ది రోజుల వ్యవధి పడుతుంది. దాన్ని తిరుగు ప్రయాణపు తేదీకి కుదించి, రూట్ కెనాల్ పూర్తి కాకుండానే విమానం ఎక్కడం మంచిది కాదు. శంషాబాద్ సముద్రమట్టానికి సుమారు 617 మీటర్ల ఎత్తున ఉండగా, ఎగిరే విమానం లోపలి పీడనం దాదాపు 1,800 నుంచి 2,400 మీటర్ల ఎత్తున ఉండే దానికి సమానంగా ఉంటుంది. పంటిలో చిక్కుకున్న గాలి అప్పుడు వ్యాకోచించి నొప్పి పుట్టించగలదు. ఆరోగ్యంగా ఉన్న పంటికి సరిగ్గా కూర్చిన క్యాప్‌కు ఈ భయం లేదు. అయితే పీడన మార్పుల కింద జరిపిన ప్రయోగాల్లో జింక్ ఫాస్ఫేట్, గ్లాస్ అయొనమర్ సిమెంట్ల పట్టు తగ్గగా, రెజిన్ సిమెంట్ పట్టు నిలిచింది. అందువల్ల తరచూ ప్రయాణించేవారు, ముఖ్యంగా విమాన సిబ్బంది, ఆ సంగతిని క్యాప్ అతికించే ముందే దంతవైద్యుడికి చెప్పడం అవసరం.