యూ చెట్టు బెరడు నుంచి రొమ్ము క్యాన్సర్ చికిత్స దాకా

రొమ్ము క్యాన్సర్‌కు కీమోథెరపీ తీసుకుంటున్నవారి ఇళ్లలో ఒక ప్రశ్న తరచూ వినిపిస్తుంది: ఆసుపత్రి మందులతో పాటు ఏదైనా మూలికా కషాయం కూడా ఇస్తే మేలు కాదా? దీనికి తగిన సమాధానం పాక్లిటాక్సెల్ అనే మందు చరిత్రలో ఉంది. ఎందుకంటే ఆ మందు కూడా ఒక చెట్టు నుంచి వచ్చినదే.

1962లో అమెరికా వృక్షశాస్త్రవేత్త ఆర్థర్ బార్‌క్లే, ఆ దేశపు జాతీయ క్యాన్సర్ సంస్థ పరిశోధనల కోసం వాషింగ్టన్ రాష్ట్రపు అడవిలో పసిఫిక్ యూ చెట్టు బెరడును సేకరించారు. ఉత్తర కరోలినాలో మన్రో వాల్, మన దేశంలో జన్మించిన మన్‌సుఖ్ వాణీ ఆ బెరడులోని క్రియాశీల పదార్థాన్ని వేరుచేసి, 1971లో దాని నిర్మాణాన్ని ప్రకటించారు. అది పనిచేసే తీరును 1979లో సుసాన్ హార్విట్జ్ బృందం వెల్లడించింది. కణ విభజనకు తోడ్పడే సూక్ష్మనాళికలు ఎప్పటికప్పుడు ఏర్పడుతూ, విడిపోతూ ఉండాలి. ఈ పదార్థం వాటిని విడిపోనివ్వదు. విభజన ఆగిపోయి కణం నశిస్తుంది.

అయితే బెరడులో అది అత్యల్పం. బెరడు ఒలిస్తే చెట్టు చనిపోతుంది. తరువాత యూ జాతి చెట్ల ఆకుల్లో లభించే మరో పదార్థం నుంచి దీనిని తయారుచేసే మార్గం దొరికింది. 1992లో అండాశయ క్యాన్సర్‌కు, 1994లో రొమ్ము క్యాన్సర్‌కు అమెరికాలో అనుమతి లభించింది. అడవి నుంచి రొమ్ము క్యాన్సర్ రోగికి చేరడానికి ముప్పై రెండేళ్లు పట్టింది.

1998లో మరో మలుపు. హెర్2 అనే ప్రోటీన్ అధికంగా గల రొమ్ము క్యాన్సర్ శరీరంలో ఇతర భాగాలకు వ్యాపించినప్పుడు, పాక్లిటాక్సెల్‌తో కలిపి ట్రాస్టుజుమాబ్‌ను వాడేందుకు అనుమతి వచ్చింది. చెట్టు నుంచి పుట్టిన మందు, ప్రయోగశాలలో రూపొందిన యాంటీబాడీ ఒకే చికిత్సలో కలిశాయి. అదే ట్రాస్టుజుమాబ్‌ను ఆంత్రాసైక్లిన్ వర్గపు మందులతో కలిపి ఇచ్చినప్పుడు గుండె దెబ్బతినడం చాలా ఎక్కువగా కనిపించింది. విడివిడిగా మేలు చేసే రెండు మందులు కలిసినప్పుడు హాని చేయవచ్చునని రోగులపై జరిపిన క్రమబద్ధమైన పరీక్షలే తేల్చాయి.

మరొక సత్యం గమనించండి. ప్రాణం నిలిపే మందునిచ్చిన ఈ యూ చెట్టు ఆకులు విషపూరితాలు. వాటిని కషాయం కాచి తాగితే గుండె ఆగిపోవచ్చు. మొక్క వేరు; దాని నుంచి శుద్ధిచేసి, మోతాదు నిర్ణయించిన మందు వేరు.

కూరలో వేసుకునే పసుపు గురించి భయం అక్కరలేదు. కానీ పసుపు సారపు మాత్రల సంగతి అది కాదు. వాటిలో తరచూ కలిపే మిరియాల సారానికి, మందులను విచ్ఛిన్నం చేసే కాలేయపు ఎంజైములను అడ్డగించే గుణం ఉంది. అప్పుడు రక్తంలో మందు పాలు మారే అవకాశం ఉంటుంది. కనుక మీరు వాడే ప్రతి చూర్ణాన్ని, కషాయాన్ని, మాత్రను మీ క్యాన్సర్ వైద్యునికి చూపించండి. కోప్పడతారేమోనని దాచవద్దు. మూలికను నమ్ముకొని కీమోథెరపీని మాత్రం మధ్యలో ఎన్నడూ మానవద్దు.