మెట్లవాద్యము – తెలుగు గళము

బస్తరు సీమలో ఉద్యోగరీత్యా నివసించు తెలుగువారికి స్వస్థలములకు పోవు దారులలో సాలూరు దారి యొకటి. జగదల్‌పూరు విడిచి, జయపురము, కొరాపుట్ దాటి, కనుమలు దిగిన పిమ్మట మనల నెదుర్కొను తెలుగు పట్టణ మది. ఓరుగల్లు పతనానంతరము కాకతీయ వంశజుడైన అన్నమదేవుడు బస్తరున రాజ్యము స్థాపించె నందురు. నాటినుండి నేటివరకు ఈ కొండల కిరువైపుల మనుష్యులతోపాటు మాటలును, పాటలును ప్రయాణము చేయుచునే యున్నవి. ఆ సాలూరు చెంతనున్న శివరామపురమున 1922లో జన్మించిన సాలూరి రాజేశ్వరరావుగారు తెలుగు పాట నడకనే మార్చిరి. గాయకులుగను, మెట్లవాద్యముల మర్మ మెరిగిన స్వరకర్తగను వారి చరిత్ర మనము తెలిసికొనదగినది.

మెట్లవాద్య మనగా మనకు ముందుగా స్ఫురించునది హార్మోనియము. ఇది పందొమ్మిదవ శతాబ్దమున ఫ్రాన్సు దేశమున పుట్టినది. కలకత్తాలో ద్వారకానాథ ఘోషు దానిని నేలపై కూర్చుండి చేతితో వాయించుటకు వీలుగా మార్చెను. నాటక సమాజములతో అది తెలుగు నేలయందు ఊరూర వ్యాపించినది. పద్యమునకు శ్రుతి నందించుట, నటుని రాగమును వెన్నంటి పోవుట హార్మోనిస్టు పని. అతడు లేక నాటకము లేదు. అయినను శాస్త్రజ్ఞుల కీ వాద్యముపై దయ లేకుండెను. మెట్టు నొక్కినచో ఒకే స్వరము పలుకును. స్వరమునకు స్వరమునకు నడుమ జారుటకు తావు లేదు. గమకమే ప్రాణమైన మన సంగీతమున కది తగదని వారి వాదము. రవీంద్రనాథ ఠాకూరునకును ఇది నచ్చలేదు. తుదకు 1940లో ఆకాశవాణి హార్మోనియమును తన ప్రసారములనుండి బహిష్కరించినది. ఆ నిషేధము 1971లో గాని సడలలేదు. మూడు దశాబ్దముల వెలివేత యనిన, దానినే నమ్ముకొనిన వాద్యకారులకు సామాన్యమైన కష్టము కాదు.

ఈ వివాదము సాగిన కాలముననే రాజేశ్వరరావుగారి కళాజీవితము వికసించినది. తండ్రి సన్యాసిరాజుగారు మృదంగ విద్వాంసులు. వాయులీన సమ్రాట్టు ద్వారం వెంకటస్వామినాయుడుగారికి ప్రక్కవాద్యము వాయించినవారు. అట్టి ఇంట పుట్టిన బాలునకు లయ ఉగ్గుపాలతోనే అబ్బినది. గళము చూచి గ్రామఫోను కంపెనీ వారు పిలిచిరి. 1935లో వచ్చిన ‘శ్రీకృష్ణలీలలు’ చిత్రమున వేమూరి గగ్గయ్యగారు కంసుడు కాగా, రాజేశ్వరరావుగారు బాలకృష్ణుడై నటించి పాడిరి. మరుసటి యేట ‘శశిరేఖాపరిణయము’న అభిమన్యుడైరి.

తరువాతి మజిలీ కలకత్తా. నాడు న్యూ థియేటర్సువారి సంగీతమునకు దేశమంతట కీర్తి. పంకజ మల్లిక్, సైగల్ ప్రభృతుల సాన్నిహిత్యమున హిందూస్థానీ బాణీని, వాద్యబృందమును నడుపు విధానమును వారు గ్రహించిరి. హార్మోనియము, పియానో, సితారు, మాండలిన్, గిటారు మున్నగు వాద్యము లన్నియు వారి చేతికి లొంగినవి. 1940 నాటి ‘ఇల్లాలు’ చిత్రమున స్వరకర్తయు, నటుడును, గాయకుడును తామే యైరి. రావు బాలసరస్వతీదేవిగారితో కలిసి పాడిన గ్రామఫోను పాటలు లలితగీత మను ప్రక్రియకు తెలుగునాట పునాదులైనవి. నేపథ్యగానము వ్యాపించిన కొలది వారు పాడుట తగ్గించి, ఘంటసాల, భానుమతి, ఎ. ఎం. రాజా, లీల, సుశీల ప్రభృతుల గళములలో తమ పాటను పలికించిరి.

పరదేశ వాద్యము మన రాగమును చెరచు నను ఆక్షేపణకు రాజేశ్వరరావుగారు వ్యాసము వ్రాసి సమాధానము చెప్పలేదు. పాట కట్టి చెప్పిరి. వారి పద్ధతి యిది: గమక మంతయు గాయకుని గొంతునకు, వీణకు, వేణువునకు, వాయులీనమునకు విడిచిపెట్టిరి. పియానో వంటి మెట్లవాద్యమునకు అది చేయగల పనినే యిచ్చిరి. అనగా పలు స్వరములను ఒక్కసారి పలికించి పాట వెనుక నిండుదనము నింపుట. గొంతు నడచు దారి రాగమునది, దాని క్రింది నేల వాద్యబృందమునది. 1948 నాటి ‘చంద్రలేఖ’ డోళ్ల నృత్యమున పాశ్చాత్య బాణీని ఎంత ధైర్యముగ వాడిరో, 1951 నాటి ‘మల్లీశ్వరి’లో కృష్ణశాస్త్రిగారి సుకుమారమైన మాటల ముందు అంత యణకువతో దానిని నిలిపిరి. 1955 నాటి ‘మిస్సమ్మ’ పాటలు పండితులను పామరులను సమముగా మెప్పించినవి. వాద్యము వలన సంగీతము చెడదు, వాడుక తెలియమి వలన చెడు నని ఆ పాటలే సాక్ష్యము.

వారు 1999లో కీర్తిశేషులైరి. పెద్ద కుమారుడు రామలింగేశ్వరరావుగారు పియానో, ఎలక్ట్రానిక్ ఆర్గన్ వాద్యములందు దక్షిణాది చిత్రసీమలో ప్రసిద్ధులు. మరియొక కుమారుడు కోటి, స్వరకర్త టి. వి. రాజుగారి కుమారుడు రాజ్‌తో కలిసి జంట స్వరకర్తయై పేరు గడించిరి. ఆ జంట వద్ద కీబోర్డు వాయించిన యువకుడే ఎ. ఆర్. రహమాన్. మద్రాసులో రాక్ బృందమున వాయించిన ఆ యువకుడు 1992లో ‘రోజా’ చిత్రముతో స్వరకర్తయై, గాయకుడుగను లోకప్రసిద్ధి నందెను. నాటకశాలలోని హార్మోనియమునుండి రాక్ వేదికపై కీబోర్డువరకు సాగిన ఈ పరంపరలో సాలూరివారి యిల్లొక ముఖ్యమైన మజిలీ.

నేడు మన పిల్లలకు కీబోర్డు సులభముగ లభించుచున్నది. దానిపై పాశ్చాత్య బాణీలు వాయించిన, రాక్ పాటలు పాడిన దోషము లేదు, అడ్డగింప బనిలేదు. కాని తొలుత గొంతు విప్పి ఒక తెలుగు పాట రాగము చెడకుండ పాడుట నేర్పుట మన ధర్మము. గొంతులో రాగము నిలిచినవానికి ఏ దేశపు మెట్లయినను మెట్లే. అవి పైకి ఎక్కుటకే పనికివచ్చును.