ఇసుక సమాధినుండి లేచిన ఇంజను

వేల్స్ దేశపు దక్షిణ తీరంలో పెండైన్ అనే చిన్న గ్రామం ఉన్నది. ఆ గ్రామపు సముద్రతీరం దాదాపు ఏడు మైళ్ళ పొడవున బల్లపరుపుగా పరచుకొని ఉంటుంది. ఆటువేళ నీరు వెనుకకు తగ్గగానే అక్కడి ఇసుక రోడ్డువలె గట్టిపడుతుంది. అతివేగపు కార్లను పరీక్షించడానికి తగినంత పొడవైన తిన్నని మార్గాలు బ్రిటన్‌లో అరుదుగా ఉన్న 1920వ దశకంలో సాహసికులకు ఈ తీరమే రాజమార్గమైనది. ఆ ఇసుకలోనే ఒక కారు 42 సంవత్సరాలు పూడ్చబడి ఉండి, తిరిగి వెలికి వచ్చి, మరల చలించింది. దాని పేరు 'బాబ్స్'.

ఈ కారును తొలుత నిర్మింపజేసినవాడు కౌంట్ లూయీ జ్బొరోవ్‌స్కీ అనే సంపన్న యువకుడు. దీనికి అమర్చిన ఇంజను మొదటి ప్రపంచయుద్ధంలో విమానాలకై అమెరికాలో రూపొందిన 'లిబర్టీ'. 1917లో జెస్సీ విన్సెంట్, హాల్ అనే ఇద్దరు ఇంజనీర్లు వాషింగ్టన్ నగరంలోని ఒక హోటలు గదిలో కూర్చొని, వారం తిరుగకముందే దీని ప్రాథమిక నమూనాను సిద్ధపరచారు. పన్నెండు సిలిండర్లు, 27 లీటర్ల ఘనపరిమాణం, 400కు పైగా అశ్వశక్తి దీని లక్షణాలు. మన రోడ్లపై దశాబ్దాలపాటు తిరిగిన అంబాసిడర్ కారు ఇంజను సుమారు ఒకటిన్నర లీటర్లదే. దానితో పోల్చినప్పుడు ఈ యంత్రం ఎంత భారీదో తెలియగలదు.

1924లో జ్బొరోవ్‌స్కీ ఇటలీలోని మోంజా పందెంలో మరణించగా, ఆ కారును జె. జి. ప్యారీ థామస్ 125 పౌండ్లకు కొన్నారు. ఆయన లేలండ్ సంస్థలో ప్రధాన ఇంజనీరుగా పనిచేసినవారు. మద్రాసులోని అశోక్ లేలండ్ పేరులో వినిపించేది ఆ సంస్థ పేరే. థామస్ తన నమూనా ప్రకారం పిస్టన్లను చేయించి, నాలుగు కార్బురేటర్లను అమర్చి, 1926 ఏప్రిల్ 28న పెండైన్ తీరంలో గంటకు 171 మైళ్ళ వేగంతో ప్రపంచ రికార్డు నెలకొల్పారు. 1927 ఫిబ్రవరిలో మాల్కం క్యాంప్‌బెల్ అదే తీరంలో ఆ రికార్డును అధిగమించారు. దానిని తిరిగి సాధింపబూని, 1927 మార్చి 3న కారు బోల్తాపడి థామస్ ప్రాణాలు కోల్పోయారు. భూవేగ రికార్డు ప్రయత్నంలో అసువులు బాసిన తొలి చోదకుడు ఆయనే. ఆయన దేహాన్ని ఇంగ్లండులోని బైఫ్లీట్ గ్రామంలో ఖననం చేశారు. కారును మాత్రం పెండైన్ ఇసుకతిన్నెలలోనే పాతిపెట్టారు.

1969లో ఆ కారును వెలికితీయించినవారు ఓవెన్ విన్ ఓవెన్. ఆయన బ్యాంగర్ సాంకేతిక కళాశాలలో ఇంజనీరింగ్ బోధించే అధ్యాపకులు. పూడ్చిన స్థలం అప్పటికి సైనికుల ఆయుధ ప్రయోగ క్షేత్రంలో చేరి ఉన్నందున అనుమతులు అవసరమైనవి. ఒక వీరుని మరణంతో ముడిపడి మట్టిలో కలిసిన వస్తువును తవ్వితీయడం తగునా అనే ప్రశ్న ఇటువంటి సందర్భాలలో తప్పదు. ఆ ప్రశ్నకు ఓవెన్ తరువాతి సంవత్సరాలలో తన చేతిపనితోనే సమాధానం చెప్పారు.

దీర్ఘకాలం కదలని ఇంజనును నడిపించడంలో మొదటి శత్రువు తొందరపాటు. పిస్టన్ రింగులు తుప్పువల్ల సిలిండర్ గోడలకు పట్టుకొని పోతాయి. చమురు జిగురై సన్నని మార్గాలను మూసివేస్తుంది. వాల్వులు బిగుసుకొంటాయి. ఆ స్థితిలో బలవంతంగా త్రిప్పితే రింగులు విరుగుతాయి, కడ్డీలు వంగుతాయి. కనుక స్పార్కు ప్లగ్గులను తీసి, ఆ రంధ్రాలగుండా పలుచని నూనె పోసి, రోజుల తరబడి నాననివ్వాలి. పిదప చేతితో కొద్దికొద్దిగా కదిలించి చూడాలి. చమురు బేరింగులన్నింటికీ అందుతున్నదని నిశ్చయమైన తరువాతనే ఇంధనానికి నిప్పురవ్వ తగలనివ్వాలి.

'బాబ్స్' విషయంలో ఇంతటితో సరిపోదు. ఉప్పునీటి తడిలో ఉక్కు, అల్యూమినియం ఒకదానినొకటి తాకి ఉంటే అల్యూమినియం త్వరితంగా క్షయమవుతుంది. కాబట్టి ప్రతి భాగాన్నీ విడదీసి, పనికివచ్చేది నిలుపుకొని, శిథిలమైనదానికి మారు భాగం సమకూర్చవలసి వచ్చింది. లిబర్టీ ఇంజనులు ఒకే నమూనాలో ఇరవై వేలకు పైగా తయారైనందున, వాటి భాగాలను ఒకదానికొకటి అమర్చుకొనే వీలుండేది. అయినా ఈ కృషి అనేక సంవత్సరాలు సాగింది. చివరకు ఆ పన్నెండు సిలిండర్లూ మరల గర్జించాయి.

ఈ కృషి చరిత్రకు చేసిన మేలు మరొకటి ఉన్నది. చక్రాలను త్రిప్పే గొలుసు తెగి తగలడంవల్లనే థామస్ మరణించారని దశాబ్దాలపాటు లోకం నమ్మింది. కారు బయటపడిన తరువాత ఆ కథనం ప్రశ్నింపబడింది. కుడివైపు వెనుక చక్రం విరిగి కారు బోల్తాపడిందనే అభిప్రాయం ముందుకు వచ్చింది. వార్తాపత్రికలు వ్రాసిన దానిని ఇనుపముక్కలు సరిదిద్ద గలవన్నమాట. 'బాబ్స్' భూమిలోనే ఉండిపోతే థామస్ స్మృతికి గౌరవం మిగిలేదేమో కాని, ఆయన మరణాన్ని గూర్చిన విచారణకు ఆధారం మిగిలేది కాదు.

ఓవెన్ 2012లో దివంగతులైనారు. 1996లో పెండైన్‌లో వెలసిన వేగ ప్రదర్శనశాలలో 'బాబ్స్' సందర్శకులకు దర్శనమిచ్చింది. తాను కూలిన తీరానికి అది తిరిగి చేరుకొన్నది.

తాతలనాటి గోడగడియారమో, కుట్టుమిషనో, కారో మూలనపడి ఉన్న ఇళ్ళు నేటికీ అనేకం. వాటిని పాత ఇనుము వ్యాపారికి అప్పగించేముందు, ఏ భాగం ఏ స్థితిలో ఉన్నదో పరిశీలించి, వ్రాసిపెట్టుకొని, ఒక్కొక్క మరనే విప్పి చూడమని పిల్లలకు చెప్పవచ్చు. ఆ యంత్రం నడువవచ్చు, నడువకపోవచ్చు. కాని, దానిని చేసిన చేతుల నైపుణ్యం మాత్రం ఆ పిల్లల చేతులకు తెలిసివస్తుంది. బ్యాంగర్ అధ్యాపకుడు అన్ని సంవత్సరాలు శ్రమించి నిలబెట్టినది ఆ నైపుణ్యమే.