వితస్తకు ఒక్కటే వాకిలి

నైరృతమున పీర్ పంజాల్, ఈశాన్యమున మహాహిమాలయము: ఈ రెండు గిరిశ్రేణుల నడుమ, సుమారు 135 కిలోమీటర్ల పొడవున, సముద్రమట్టమునకు సుమారు 1,600 మీటర్ల యెత్తున, దొన్నెవలె అమరియున్నది కాశ్మీరము. ద్రోణి యను మాటకు దొన్నె యనియు, కొండల నడిమి లోయ యనియు రెండర్థములుండుట ఈ దేశమును చూచినవారికి వింతగా తోపదు. చుట్టును గల కొండలనుండి దిగు నీరంతయు వూలర్ సరస్సు గుండ పారు వితస్తలో, అనగా నేటి జీలం నదిలో, చేరి, వరాహమూలము కడనున్న యిరుకు గండి గుండ బయటపడవలసినదే. బారాముల్లా యని యిప్పుడు పిలువబడు ఆ వాకిలి తప్ప నీటికి మరియొక త్రోవ లేదు.

ఒకప్పుడు ఆ త్రోవయు లేదు. నీలమతపురాణము ఈ లోయను సతీసరస్సని వర్ణించినది. పీర్ పంజాల్ పైకి లేచి నీటి దారిని మూయుటచే ఇచట సరస్సు నిలిచెనని భూగర్భశాస్త్రజ్ఞులును చెప్పుదురు. దాని యడుగున పేరుకొన్న మెత్తని మట్టియే నేటి 'కరేవా' మెట్టలు. పాంపూరు కుంకుమపువ్వు పూచునది వానిపైననే.

నీటిని ఆపిన గోడయే మేఘములనుకూడ ఆపినది. నైరృతి ఋతుపవనములు పీర్ పంజాల్ దక్షిణపు వాలుననే చాలవరకు కురిసి యలసిపోవును. లోయను తడుపునవి ముఖ్యముగా మధ్యధరా సముద్రపు దెసనుండి శీతకాలమున వచ్చు పడమటి గాలులు తెచ్చు మంచును, వసంతపు వానలును. 1665లో ఔరంగజేబు పరివారముతో ఈ కొండలు దాటిన ఫ్రెంచి వైద్యుడు బెర్నియే, దక్షిణపు వాలున హిందూదేశపు మొక్కలతో తన దేశపు మొక్కలు కలసియుండుటయు, ఉత్తరపు వాలున తన దేశపువే కనబడుటయు గమనించి వ్రాసెను. డిసెంబరు 21 మొదలు 40 దినములు 'చిల్లై కలాన్' అను ఘోరశీతము. పిదప క్రమముగా తగ్గు చలి మరి 30 దినములు. బరువైన చలిగాలి వాలులవెంట జారి అడుగున నిలిచిపోవుటచే, శిఖరములపై ఎండ కాయుచుండగనే శ్రీనగరము పొగమంచున మునిగియుండుట కలదు.

అయినను ఈ దేశపు భాగ్యము నిర్ణయించినది చలి కాదు, ఆ వాకిలి. కొండచరియలు విరిగి అది పూడెనా, నీరు వెనుకకు తన్ని పొలములు మునిగి క్షామము కలిగెడిది. తొమ్మిదవ శతాబ్దిని కాశ్మీరరాజు అవంతివర్మ కాలమున సుయ్యుడను వాడు, ఒక చండాల స్త్రీకి దొరికిన అనాథ, దీనారముల కుండలు పడవలకెత్తించి, బండలు పూడిన చోట దోసిళ్లతో నీటిలో చల్లెనట. పిచ్చివాడని లోకులు నవ్విరి. కాని ఆకలిగొన్న పల్లెజనము ధనమునకై దిగి బండలన్నిటిని ఎత్తి గట్టున వేసిరి, నీరు కదలెను. పిదప అతడు రాతికట్టతో నదిని ఏడు దినములు నిలిపి, అడుగు శుభ్రపరపించి, కట్ట విప్పించెను. అంతకుముందు సుభిక్షమునందును 200 దీనారములు పలికిన ఖారి (ఒక కొలత) ధాన్యము 36కు దిగెనని, కాశ్మీరరాజుల చరిత్రయగు రాజతరంగిణిలో కల్హణుడు లెక్క చెప్పినాడు. యుద్ధముల లెక్కలకన్న ఈ ఒక్క లెక్కయే నాకు ఆ గ్రంథమున మిక్కిలి ప్రియమైనది.

సుయ్యుని పేర వెలసిన సుయ్యపురమే నేటి సోపోర్. వితస్త వూలరును వీడి గండివైపు సాగు చోటనే అది యున్నది.