కాలిబంటు దారి ఎద్దుమైలారం దాకా

సంగారెడ్డి మండలంలో ఇస్మాయిల్‌ఖాన్‌పేట అంటే చాలామందికి దుర్గాభవాని గుడి గుర్తుకొస్తుంది. ఆ చుట్టుపక్కల ఊళ్ల నుంచి పొద్దున్నే షిఫ్టుకు బయల్దేరే వాళ్ల దారులు మాత్రం పటాన్‌చెరు, పాశమైలారం, ఎద్దుమైలారం వైపు చీలిపోతాయి. ఎద్దుమైలారంలో ఉన్నది ఆయుధ కర్మాగారం. కాగితాల మీద ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ మెదక్, జనం నోట్లో ఓడీఎఫ్. 2016లో సంగారెడ్డి విడిగా జిల్లా అయింది గానీ ఫ్యాక్టరీ మాత్రం మెదక్ పేరు వదల్లేదు. అక్కడ తయారయ్యే సరుకుల్లో పేరున్నది పద్నాలుగు టన్నుల ఇనుప బండి, సారథ్. ట్యాంకులా కనిపిస్తుంది కానీ ట్యాంకు కాదు. పదాతి సైనికులను కడుపులో పెట్టుకుని యుద్ధంలోకి దిగే వాహనం.

నడిచి పోరాడే సైనికుడికి ఇంత బండి ఎందుకు? ఈ ప్రశ్నకు మన దేశంలో జవాబు రాసిన సంఘానికి పెద్ద ఒక తెలుగువాడు, తానూ పదాతి దళం నుంచి పైకొచ్చినవాడు: జనరల్ కోటికలపూడి వెంకట కృష్ణారావు. ఆయన పేరెత్తితే మన పత్రికలు మూడు సంగతులు చెబుతాయి. సిల్హెట్ గెలుపు, సైన్యాధిపతి పదవి, కశ్మీర్ గవర్నరుగిరీ. నా లెక్కలో ఈ మూడింటి కన్నా పెద్దది 1975లో మొదలైన ఒక నివేదిక. ఫొటోలు లేని పని కాబట్టి ఎవరికీ పట్టలేదు.

కృష్ణారావు 1923 జూలై 16న పుట్టారు. సైన్యంలో అధికారిగా చేరిన తేదీ 1942 ఆగస్టు 9. ఆ తెల్లవారుజామునే బొంబాయిలో గాంధీని అరెస్టు చేశారు, దేశమంతా క్విట్ ఇండియా మంట లేచింది. అదే రోజు పంతొమ్మిదేళ్ల తెలుగు కుర్రాడు బ్రిటిష్ చక్రవర్తి కమిషన్ మీద హైదరాబాద్ రెజిమెంటులోకి అడుగుపెట్టాడు. ఇందులో వింతేమీ లేదు. ఆ తరం భారతీయ అధికారుల్లో చాలామంది కథ ఇదే. స్వతంత్ర భారత సైన్యాన్ని నడిపింది కూడా వాళ్లే.

హైదరాబాద్ రెజిమెంటు సంగతి కొంచెం చెప్పుకోవాలి. హైదరాబాద్‌లో బ్రిటిష్ రెసిడెంటుగా ఉన్న హెన్రీ రసెల్ 1813లో కూర్చిన రసెల్ బ్రిగేడ్ దానికి మూలం. జీతాలు నిజాం ఖజానా నుంచి, హుకుం ఇంగ్లీషు వాళ్లది. ఈ పటాలాల ఖర్చు బాకీ పేరుతోనే 1853లో బేరారు నిజాం చేయిజారింది. ఇరవయ్యో శతాబ్దానికి పేరులోనే హైదరాబాద్ మిగిలింది. సిపాయిలు కుమావూ కొండల వాళ్లు, జాట్లు, అహీర్లు. 1945లో పేరు కూడా మార్చేసి కుమావూ రెజిమెంటు అన్నారు. 1955 నుంచి 1957 వరకు సైన్యాధిపతిగా చేసి, తర్వాత ఆంధ్రప్రదేశ్ గవర్నరైన జనరల్ శ్రీనాగేశ్‌ది కూడా ఈ రెజిమెంటే.

రెండో ప్రపంచ యుద్ధంలో కృష్ణారావు బర్మాలో, వాయవ్య సరిహద్దులో, బలూచిస్తాన్‌లో పనిచేశారు. 1947లో పంజాబ్ రెండు ముక్కలై జనం ఒకరినొకరు నరుక్కుంటున్న రోజుల్లో అక్కడ, వెంటనే జమ్మూ కశ్మీర్‌లో పాకిస్తాన్‌తో తొలి యుద్ధంలో. 1949-51లో జాతీయ రక్షణ అకాడమీలో తొలినాటి శిక్షకుల్లో ఒకరు. ఆ తర్వాత ఆయన పేరు మహార్ రెజిమెంటుతో ముడిపడింది. అందులో 3వ బెటాలియన్‌కు నాయకత్వం వహించారు. మహార్లను సైన్యంలోకి తీసుకోవడం బ్రిటిష్ వాళ్లు ఎప్పుడో మానేశారు. మళ్లీ తలుపు తెరవాలని అంబేద్కర్ పట్టుబట్టారు. 1941లో బెల్గాంలో ఆ రెజిమెంటు పుట్టింది. కొన్నేళ్లకు దాన్ని మెషీన్‌గన్ రెజిమెంటుగా మార్చారు. భారమైన తుపాకులను, తూటాల పెట్టెలను ఒకచోటి నుంచి ఇంకోచోటికి చేర్చడమే ఆ బెటాలియన్ల నిత్యసమస్య. పదాతి దళం ఎంత వేగంగా కదలగలదు అన్నది ఆయనకు అక్కడ పుస్తకాల్లో చదివే విషయం కాదు.

వెల్లింగ్టన్ స్టాఫ్ కాలేజీలో పాఠాలు, లద్దాఖ్‌లో బ్రిగేడ్, జమ్మూలో 26వ పదాతి డివిజన్, ఇలా అరవైల దశాబ్దం గడిచింది. 1970లో నాగాలాండ్, మణిపూర్‌లలో తిరుగుబాట్ల మీద పనిచేస్తున్న 8వ పర్వత డివిజన్ ఆయన చేతికొచ్చింది. మరుసటి ఏడాదే బంగ్లాదేశ్ యుద్ధం.

అడవుల్లో, కొండల్లో గెరిల్లాల వెంట తిరిగిన డివిజన్‌ని నదులు, కాలువలు, బురద పొలాలున్న సిల్హెట్ ప్రాంతంలోకి దింపారు. పై అధికారి 4వ కోర్ కమాండర్ లెఫ్టినెంట్ జనరల్ సగత్ సింగ్. శంషేర్‌నగర్, మౌల్వీబజార్ మీదుగా ఉత్తరానికి నడిచి సిల్హెట్ చేరాలన్నది దారి. అది నెమ్మది దారి. వంతెన కూలిస్తే రోజు పోతుంది, తేయాకు తోటలో రెండు మెషీన్‌గన్లు కూర్చుంటే ఇంకో రోజు పోతుంది. సిల్హెట్‌లో శత్రువు పెద్దగా లేడని సగత్ సింగ్ అంచనా వేసి, డిసెంబర్ 7న 4/5 గూర్ఖా రైఫిల్స్ బెటాలియన్‌ను ఎంఐ-4 హెలికాప్టర్లలో ఊరి అంచున దింపించాడు. బెటాలియన్ కృష్ణారావు డివిజన్‌లోని 59వ బ్రిగేడ్‌ది, కమాండర్ లెఫ్టినెంట్ కర్నల్ హరోలికర్. మన సైన్యం ఇలా ఒక బెటాలియన్‌ను హెలికాప్టర్లలో పోరులోకి దింపడం అదే మొదలు.

అంచనా తప్పింది. సిల్హెట్‌లో ఉన్నది ఒక బ్రిగేడ్. మౌల్వీబజార్ నుంచి వెనక్కి తగ్గిన మరో బ్రిగేడ్ కూడా అక్కడికే వచ్చి చేరింది. అత్‌గ్రామ్, ఘాజీపూర్ పోరాటాల్లో అప్పటికే పలచబడిన గూర్ఖాలు, వేల మంది శత్రువుల మధ్య, పెద్ద ఫిరంగులు లేకుండా, మోసుకొచ్చిన తిండితో రోజులు గడిపారు. అప్పుడు బీబీసీ రేడియో సిల్హెట్‌లో గూర్ఖా బ్రిగేడ్ దిగిందని వార్త చదివింది. బెటాలియన్‌ని బ్రిగేడ్ అనేశారు. ఆ వార్త విన్న గూర్ఖా అధికారులు తమను తాము బ్రిగేడ్‌లాగానే చూపించుకోవాలని, ఉన్న కొద్దిమందిని వెడల్పుగా పరిచి కూర్చున్నారు. డిసెంబర్ మధ్యలో పాకిస్తానీ అధికారులు తెల్లజెండాలతో వచ్చినప్పుడు, లొంగిపోయే వాళ్లు ఎంతమందో చూసి బిత్తరపోవడం గెలిచిన వాళ్ల వంతయింది. ఈలోగా దక్షిణం నుంచి నడిచొస్తున్న కృష్ణారావు దళాలు కూడా ఊరిని చేరుకున్నాయి. ఈ విజయానికి ఆయనకు పరమ విశిష్ట సేవా పతకం వచ్చింది.

సిల్హెట్‌ను వీరగాథగా చెప్పుకోవడం మనకు అలవాటు. సైనిక వృత్తిలో ఉన్నవాడికి అది ఇంకోలా కనబడాలి. ఒకే డివిజన్‌లో కొందరు నిమిషాల్లో శత్రువు గుమ్మంలో దిగారు, మిగిలినవాళ్లు అక్కడికి చేరడానికి రోజులు పట్టింది. మధ్యలో ఉన్న ఆ ఎడం ప్రాణాలు తీసే ఎడం.

సరిహద్దు అవతల ప్రపంచం ఈ లోపు వేగంగా మారింది. పదాతి సైనికులను కేవలం మోసుకెళ్లడం కాక, వాళ్లతో పాటు పోరాడే బండిని సోవియట్ యూనియన్ 1967లో మాస్కో కవాతులో చూపించింది. దాని పేరు బీఎంపీ. 1973 అరబ్-ఇజ్రాయెల్ యుద్ధంలో దాని బలం, బలహీనత రెండూ బయటపడ్డాయి. అమెరికన్లు తమ బ్రాడ్లీని పటాలాలకు ఇచ్చేసరికి 1980లు వచ్చాయి. మనదగ్గర 1965 యుద్ధం తర్వాత తూర్పు ఐరోపా నుంచి తెచ్చిన టోపాస్, స్కాట్ బండ్లు కొన్ని పటాలాలకు అందాయి. అవి సైనికుడిని ట్యాంకు వెనకాల దింపి తప్పుకునే రకం. పంజాబ్, రాజస్థాన్ మైదానాల్లో ట్యాంకు ముందుకు దూకితే పదాతి వెనకబడుతుంది. పదాతి లేని ట్యాంకును దగ్గర్నుంచి రాకెట్ వేసి పేల్చేయడం తేలిక.

1975లో సైన్యాన్ని రాబోయే పాతికేళ్లకు ఎలా తీర్చిదిద్దాలో చెప్పమని ఒక నిపుణుల సంఘాన్ని వేశారు. అధ్యక్షుడు కృష్ణారావు. సభ్యుల్లో సుందర్జీ, ఛిబ్బర్ ఉన్నారు. ఇద్దరూ తర్వాతి కాలంలో సైన్యంలో పెద్ద పేర్లయ్యారు. సుందర్జీ కూడా మహార్ రెజిమెంటు మనిషే, 1986లో సైన్యాధిపతి అయ్యాడు. సంఘం చెప్పిన వాటిలో ముఖ్యమైనవి ఇవి: పోరాడే భాగాన్ని పెంచి వెనకాల మోతబరువు తగ్గించాలి, కవచ దళాలు పెరగాలి, పదాతి దళంలో కొంత భాగాన్ని పూర్తిగా యంత్రాల మీదికి ఎక్కించాలి. మన దేశంలో ఇలాంటి నివేదికలు బీరువాల్లో చెదలు పట్టడం మామూలే. ఇది అలా పోలేదు. కారణం సాదాసీదా: రాసినవాళ్లే కొన్నేళ్లకు నిర్ణయాలు తీసుకునే కుర్చీల్లోకి వచ్చారు. నివేదిక మంచిదో చెడ్డదో తర్వాత సంగతి, దాన్ని అమలు చేసే వరకు పట్టుకుని ఉండే మనుషులు దొరకడం అరుదు.

1979లో మెకనైజ్డ్ ఇన్‌ఫాంట్రీ రెజిమెంటు పుట్టింది. కొత్తగా మనుషులను చేర్చుకుని కట్టలేదు, పాత పదాతి పటాలాల నుంచి ఒక్కో బెటాలియన్‌ని తెచ్చి కూర్చారు. అందులో మొదటిది మద్రాస్ రెజిమెంటు 1వ బెటాలియన్, 1776 నాటిది. రెండు వందల ఏళ్లు కాలినడకన తిరిగిన పటాలం బండెక్కింది. పాత పేరు, పాత ఆచారాలు వదులుకోవడానికి సిపాయిలకూ అధికారులకూ ఎంత కష్టమై ఉంటుందో ఊహించుకోవచ్చు.

బండిలోకి తొంగి చూస్తే ఈ మార్పు ఎంత గట్టిదో తెలుస్తుంది. సారథ్ సోవియట్ బీఎంపీ-2కు మనదేశపు రూపం. డ్రైవరు, కమాండరు, గన్నరు ముగ్గురు. వాళ్లు కాక ఏడుగురు సైనికులు, ఎక్కువమంది వెనకాల వీపుకు వీపు ఆనించి కూర్చుంటారు. ఒక్కొక్కరికీ గోడలో చిన్న రంధ్రం, లోపల కూర్చునే బయటికి కాల్చవచ్చు. వెనక తలుపులే డీజిల్ ట్యాంకులు. ఇది విన్న ఎవరైనా ఉలిక్కిపడతారు, పడాలి కూడా. టరెట్ మీద 30 మిల్లీమీటర్ల ఫిరంగి, ట్యాంకులను కొట్టే కొంకూర్స్ క్షిపణి. కాలువ అడ్డమొస్తే ముందు పలక లేపి నీళ్లలోకి దిగిపోతుంది, చైన్ల తోపుడుతోనే ఈదుకుంటూ అవతలి ఒడ్డు ఎక్కుతుంది. సిల్హెట్ కాలువల దగ్గర రోజులు పోగొట్టుకున్న డివిజన్‌కి ఇలాంటివి ఉంటే అన్న ఆలోచన రాక మానదు.

వీటిని కొంటూ పోతే సరిపోదు, ఇక్కడే చేయాలి. ఎక్కడ? ఇందిరాగాంధీ 1980లో మెదక్ నుంచి లోక్‌సభకు గెలిచారు, ఓడింది జైపాల్ రెడ్డి. ప్రధాని సొంత నియోజకవర్గంలోకి 1984 జూలైలో ఎద్దుమైలారం కర్మాగారం వచ్చింది, పునాదిరాయి ఆమే వేశారు. మూడు నెలలకు ఆమె హత్య జరిగింది. 1987లో తొలి సారథ్ బయటికొచ్చింది. సారథ్ మీద కూర్చునే కొంకూర్స్‌ను భారత్ డైనమిక్స్ చేసేది పటాన్‌చెరు పక్కనే ఉన్న భానూరులో. ఫ్యాక్టరీ ఇక్కడికి రావడానికి యుద్ధవ్యూహం కన్నా ఓట్ల లెక్కే కారణమని ఎవరైనా అంటే కాదనను. లెక్క ఏదైనా పని ఇక్కడికి వచ్చింది, ఐటీఐ చదివిన కుర్రాళ్లకు సర్కారు కొలువులు వచ్చాయి.

పునాదిరాయి నాటికి కృష్ణారావు సైన్యంలో లేరు. 1981 జూన్ నుంచి 1983 జూలై చివరి దాకా సైన్యాధిపతి. ఆ తర్వాత 1984 నుంచి నాగాలాండ్, మణిపూర్, త్రిపుర గవర్నరు. 1989 జూలైలో జమ్మూ కశ్మీర్‌కు పంపారు, 1990 జనవరిలో ఆ స్థానంలో జగ్‌మోహన్‌ను కూర్చోబెట్టారు. లోయ మండుతుంటే 1993లో మళ్లీ పిలిచారు. ఆ ఏడాదే హజ్రత్‌బల్ దర్గా ముట్టడి, చివరికి మాటలతో ముగిసింది. 1995లో చరారె షరీఫ్ కాలిపోయింది, అది మాత్రం ప్రభుత్వానికి మచ్చే. అదే ఏడాది జనవరి 26న జమ్మూ స్టేడియంలో ఆయన ప్రసంగిస్తున్న వేదిక దగ్గర బాంబులు పేలాయి. మనుషులు చనిపోయారు, ఆయన బతికారు. 1996లో ఎన్నికలు జరిగి ఫరూఖ్ అబ్దుల్లా మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు. 1998 మేలో కృష్ణారావు దిగిపోయారు. 2016 జనవరి 30న ఢిల్లీలో, తొంభై రెండేళ్ల వయసులో కన్నుమూశారు.

ఓడీఎఫ్ ఈ మధ్యలో ఇంకా చాలా చూసింది. మావోయిస్టు ప్రాంతాల్లో మందుపాతరలను తట్టుకునే బండ్లు అక్కడే చేశారు. 2008లో మొదలైన ఐఐటీ హైదరాబాద్ కందిలో సొంత భవనాలు లేచే వరకు ఆ ఫ్యాక్టరీ ప్రాంగణంలోనే నడిచింది. ఆయుధ కర్మాగారాలను కంపెనీలుగా మారుస్తామంటే 2019 ఆగస్టులో కార్మికులు సమ్మెకు దిగారు. అయినా 2021 అక్టోబర్‌లో అది ఆర్మర్డ్ వెహికల్స్ నిగమ్ లిమిటెడ్ కింద చేరిపోయింది.

2020 జూన్ 2న రక్షణ శాఖ 156 కొత్త సారథ్‌ల కోసం 1,094 కోట్ల ఆర్డరు ఇదే ఫ్యాక్టరీకి ఇచ్చింది. రెండు వారాలు గడవకుండానే, జూన్ 15 రాత్రి, లద్దాఖ్‌లోని గల్వాన్‌లో చైనా సైనికులతో జరిగిన గొడవలో 16 బిహార్ పదాతి బెటాలియన్ కమాండర్ కర్నల్ సంతోష్‌బాబు చనిపోయారు. సూర్యాపేట బిడ్డ, కోరుకొండ సైనిక్ స్కూలు విద్యార్థి. ఆ గొడవలో తుపాకులు పేలలేదు, రాళ్లతో, మేకులు దిగ్గొట్టిన కర్రలతో కొట్టుకున్నారు. ఏ కమిటీ నివేదికా ఊహించని పోరు అది. లద్దాఖ్ ఎత్తుల మీద సారథ్‌లు కూడా మోహరించాయి. పాతికేళ్ల ముందుచూపుతో కృష్ణారావు సంఘం వేసిన బాటలో వచ్చిన ఆ బండి నలభై అయిదేళ్ల తర్వాత కూడా కొత్తగా తయారవుతూ వచ్చిందంటే అది దాని గొప్పతనం ఒక్కటే అనుకోలేను. దాని స్థానంలోకి రావలసిన తర్వాతి తరం పోరాట వాహనం గురించి ఢిల్లీలో మాటలు మొదలై పదేళ్లు దాటినా ఆ నాటికి ఒక్క బండీ పటాలం చేరలేదు.