కాంగో ఎరుపుపై వ్యాజ్యము

ఆ కాలపు కృత్రిమ రంగులు చాలవరకు నూలును పట్టవు; పటికవంటి లవణముతో బట్టను ముందుగా సిద్ధము చేయవలెను. 1883లో జర్మనీయందు బోటిగర్ కనుగొనిన కాంగో ఎరుపు మాత్రము నూలును నేరుగా పట్టుకొనెను. ఆగ్ఫా కంపెనీ దానిని 1885లో అమ్మకమునకు పెట్టెను.

పేటెంటుపై తగవు లైప్‌జిగ్‌లోని సామ్రాజ్య న్యాయస్థానము వరకు పోయెను. ప్రతిపక్షుల వాదము తేలికైనది కాదు. డయజో చర్యను గ్రీస్ 1858లోనే కనుగొనెను; బెంజిడీనును ఆ విధముగా మార్చి నాఫ్థియోనిక్ ఆమ్లముతో కలుపుట ఎవరికైన తోచునదే గదా! (బెంజిడీను క్యాన్సర్ కారకము, ఈ చర్యను పాఠశాలలో చేయరాదు.) పైగా 1877 చట్టము పదార్థమునకు గాక తయారీ విధానమునకే పేటెంటు నిచ్చుచుండెను. విధానము పాతదైనచో ఇక మిగులున దేమి?

1889లో న్యాయస్థానము ఫలితమును చూచెను. విధానము తెలిసినదే యైనను, దానివలన పుట్టిన రంగు ముందుగా ఊహింపరాని ఉపయోగకర గుణము కలిగియున్నచో అది ఆవిష్కారమే యని తీర్పు చెప్పెను. అణువు నిర్మాణము చూచి రంగు నూలును పట్టునో లేదో నాడు ఎవరు చెప్పగలరు? నేటికిని ఇట్టి అప్పీళ్లలో రసాయనికులు పాత, క్రొత్త పదార్థములను పోల్చిన ప్రయోగఫలితములనే ముందుంచుచున్నారు.

ఇంతచేసి ఆ రంగు గట్టిది కాదు. ఆమ్లము తగిలిన నీలమగును. అందుచేతనే అది ప్రయోగశాలలో సూచికగా నిలిచినది.